తీరిక వేరు, ఖాళీ వేరు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు, తలుపు దగ్గర నిలబడి వింటున్న అమ్మలకు నమస్కారం. అమ్మా, లోపల కుర్చీలున్నాయి, వచ్చి కూర్చోండి. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చినట్టు గుమ్మంలో నిలబడొద్దు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఎక్కువగా మీ గురించే.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు జరుగుతాయి. పుస్తకం గురించి చెప్పగలిగినవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. నేను ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ బళ్లల్లో ఆటలు నేర్పినవాణ్ని. అందుకని గ్రంథాలయానికీ ఆటస్థలానికీ ఉన్న చుట్టరికం గురించి చెబుతాను. ఈ రెండూ మనిషి తన పని అయ్యాక, ఎవరూ తరమకుండా, తనంత తాను నడిచివచ్చే చోట్లు. ఇక్కడికి వచ్చినందుకు ఎవరూ జీతం ఇవ్వరు, రానందుకు ఎవరూ కోప్పడరు. ఇలాంటి చోట్లు ఊళ్లో ఎన్ని మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. నేను పెట్టాను, ఒక చెయ్యి చాలింది.

మన భాషలో తీరిక అని చక్కటి మాట ఉంది. అప్పు తీరింది అంటాం, దాహం తీరింది అంటాం, ముచ్చట తీరింది అంటాం. పని తీరితే వచ్చేది తీరిక. అందులో ఒక నిండుదనం ఉంది. ఖాళీ అనే మాట వేరు. కుండ ఖాళీ, జేబు ఖాళీ. డిగ్రీ అయిపోయి మూడేళ్లుగా ఉద్యోగం రాక కాలవ వంతెన మీద కూర్చునే కుర్రాణ్ని చూసి 'ఖాళీగా ఉన్నాడు' అంటారే తప్ప 'తీరిగ్గా ఉన్నాడు' అని ఎవరూ అనరు. సెంటర్లో వేపచెట్టు కింద బళ్లు ఆపుకుని, ఫోను వంక చూస్తూ, ఎప్పుడు ఆర్డరు వస్తుందా అని ఎదురుచూసే పిల్లలున్నారు. గంటసేపు కూర్చున్నా అది తీరిక కాదు. ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియని మనిషి పేక ముక్క కూడా మనసుపెట్టి వెయ్యలేడు. వాళ్ల పక్కన కూర్చుని చూశాను, మాట్లాడుతున్నా కళ్లు తెర మీదే ఉంటాయి.

అలాగే ఆటవిడుపు. పిల్లల్ని ఆటకి విడిచిపెట్టడం. పట్టి ఉంచినవాళ్లే విడిచిపెట్టాలి అన్న ఒప్పుకోలు ఆ మాటలోనే ఉంది. కాలక్షేపం అన్న మాటని ఇప్పుడు చులకనగా వాడుతున్నాం, 'ఏదో కాలక్షేపానికి' అని. ఒకప్పుడు హరికథా కాలక్షేపం అంటే ఊరు ఊరంతా తరలివచ్చి కూర్చున్న రాత్రి. కాలాన్ని కలిసి గడపడం గౌరవమైన పనిగా చూసిన జాతి మనది. పశువుకి కూడా సెలవిచ్చాం. కనుమ నాడు కాకైనా కదలదు అన్నారు. ఆ రోజు ఎద్దుని కడిగి, కొమ్ములకి రంగు వేసి, కాడి మెడ మీద పెట్టకుండా ఉంచారు. ఏడాదంతా దున్నిన ఒంటికి ఒక రోజు బాకీ ఉన్నామని రైతుకి తెలుసు.

మాది చీరాల దగ్గర చేనేత ఇల్లు. మా నాన్నది గుంటమగ్గం. కాళ్లు గుంటలో, చేతులు పని మీద, తెల్లారకముందు దిగితే పొద్దుగూకేదాకా పోగుల మధ్య అటూ ఇటూ పోయే నాడె చప్పుడే. కూలి గంటల లెక్కన కాదు, చీర లెక్కన. చీర కోసి ఇస్తేనే డబ్బు. కాబట్టి పని గంటలు అన్న మాటే మా వీధిలో ఎవరికీ తెలియదు. అమావాస్య నాడు మాత్రం మగ్గంలోకి దిగేవాళ్లు కాదు. ఆ రోజు మా అరుగు నిండేది. అరుగు బండ మీద పులిజూదం గీతలు చెక్కి ఉండేవి, మా తాత పుట్టకముందు నుంచీ ఉన్నాయని చెప్పేవాళ్లు. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకి చింతగింజలు, మేకలకి గులకరాళ్లు. మిగతా రోజుల్లో నోరు విప్పని మా నాన్న ఆ పూట అరిచేవాడు, పోట్లాడేవాడు, నవ్వేవాడు. నాన్నకి పళ్లు ఎలా ఉంటాయో నేను అమావాస్యలకే చూశాను.

అమ్మకి అమావాస్య లేదు. మామూలు రోజుల్లో మగ్గం పక్కన రాట్నం పెట్టుకుని కండెలు చుట్టేది. మగ్గం ఆగిన రోజున ఇల్లు అలకడం, బట్టలు, మడ్డి పట్టిన గిన్నెలు, పెద్దలకి నైవేద్యం. నేను ఏడో తరగతిలో ఉండగా శాఖా గ్రంథాలయంలో చేరాను. ఇంటికి తెచ్చిన పుస్తకాన్ని రాట్నం పక్కన కూర్చుని పైకి చదివేవాణ్ని. అమ్మకి చదువు రాదు. చెయ్యి తిరుగుతూనే ఉండేది, చెవి నా దగ్గర ఉండేది. దారం తెగితే 'ఆగరా' అనేది. తెగిన రెండు కొసలు తడిపి, ముడివేసి, పంటితో కొరికి, 'ఊఁ, చదువు' అనేది. కథలో ఎక్కడ ఆగానో నేను మర్చిపోయినా ఆవిడ మర్చిపోయేది కాదు. ఒకసారి జ్వరం వచ్చి మూడు రోజులు మంచం పట్టింది. మూడో రోజు సాయంత్రానికి జ్వరం తగ్గింది కానీ లేవలేని నీరసం. అప్పుడు చదువుతుంటే, చేతులు రెండూ గుండె మీద పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నది. చేతులు కదలకుండా అమ్మ ఒక కథ వినడం నేను చూసింది అదొక్కసారే. ఒక మనిషికి తీరిక దొరకాలంటే జ్వరం రావాలా? అప్పుడు నాకా ప్రశ్న తట్టలేదు. తట్టినప్పటి నుంచీ వదల్లేదు.

ఆదివారం సెలవు మనకి ఎలా వచ్చిందో పిల్లలకి తెలియాలి. అది పంచాంగంలోంచి వచ్చింది కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో వారానికి ఏడు రోజులూ పని చేయించుకునే కాలంలో నారాయణ్ మేఘాజీ లోఖండే అనే కార్మిక నాయకుడు ఏళ్ల తరబడి అడిగాడు, సభలు పెట్టాడు, సంతకాలు సేకరించాడు. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది, 1891 ఫ్యాక్టరీల చట్టంలో వారపు సెలవు చేరింది. దుకాణాల్లో పనిచేసేవాళ్లకి వారపు సెలవు చట్టం రావడానికి 1942 దాకా పట్టింది. ఇవాళ మనం ఆదివారం పూట ఆలస్యంగా లేచి కాఫీ తాగుతున్నామంటే ఆ గంట ఎవరో అడిగి సంపాదించి పెట్టినది.

మన రాజ్యాంగం 43వ అధికరణం ఒకసారి చదవండి, ఇదే గ్రంథాలయంలో ఆ పుస్తకం ఉంది. పొలంలో చేసినా, కర్మాగారంలో చేసినా, ఇంకెక్కడ చేసినా, పనిచేసే ప్రతి మనిషికీ బతుకు గడిచే కూలి ఉండాలని అందులో రాశారు. అక్కడితో ఆగలేదు. తీరికని పూర్తిగా అనుభవించే వీలు, సంఘంలో, సంస్కృతిలో పాలుపంచుకునే అవకాశం కూడా ఉండాలని అదే వాక్యంలో చేర్చారు. ఆ వెంటనే కుటీర పరిశ్రమల్ని ప్రోత్సహించాలన్నారు. మా వీధి గురించే రాసినట్టు అనిపిస్తుంది నాకు. అది ఆదేశిక సూత్రం, కోర్టుకెళ్లి ఇప్పించుకోలేం. అయినా అన్నం పక్కనే తీరికని వడ్డించినవాళ్ల మనసు ఎంత పెద్దదో చూడండి. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవ హక్కుల్లో 24వది కూడా ఇదే, విశ్రాంతికీ తీరికకీ హక్కు.

ఈ దారి ముందుకే పోవాలని ఏమీ లేదు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ రోజువారీ పనిని 10 గంటల దాకా పొడిగించే నిర్ణయాలు తీసుకున్నాయి. రోజుకో గంటే కదా అనొచ్చు. పట్నంలో ఆఫీసుకి పోయిరావడానికి రెండు గంటలు పట్టే మనిషికి, బిడ్డ నిద్రపోకముందు ఇల్లు చేరడానికీ నిద్రపోయాక చేరడానికీ మధ్య ఉన్న తేడా ఆ గంటే.

ఇక గ్రంథాలయం సంగతి. మనకి దగ్గర్లోనే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో కొందరు యువకులు చిన్నగా మొదలుపెట్టినది. చుట్టూ మగ్గాల ఊళ్లు. చేతినిండా పని ఉన్న ఊళ్లోనే అంత గ్రంథాలయం పుట్టింది, అది నాకు ఎంతో గర్వంగా ఉంటుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవ గ్రంథాలయం నడిపారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కృష్ణా కాలవలో వెళ్లే పడవలో పుస్తకాలు పెట్టారు. గంటల తరబడి పడవలో కూర్చోవాల్సిన ప్రయాణికుడికి ఆ కాలం ఖాళీ. చేతికి పుస్తకం ఇస్తే అది తీరిక అయింది. ఎంత తెలివైన పనో ఆలోచించండి. కొత్తగా గంటల్ని పుట్టించలేదు, ఉన్న గంటలకి నిండుదనం ఇచ్చారు.

ఆ పడవని తలుచుకున్నప్పుడల్లా నాకు గట్టు కూడా కనపడుతుంది. ఆ రోజుల్లో గాలి అనుకూలించనప్పుడు కాలవ పడవల్ని గట్టు మీద నుంచి మనుషులు తాడుకట్టి లాగేవాళ్లు. లోపల కూర్చున్నవాళ్లు చదువుకుంటారు, బయట లాగేవాళ్ల భుజాలు ఒరుసుకుపోతాయి. తీరిక ఎప్పుడూ ఇలా ఎవరో ఒకరు లాగితేనే నడుస్తుంది. మన ఇళ్లల్లో ఆ తాడు ఎవరి భుజం మీద ఉందో చెప్పక్కర్లేదు.

కేంద్ర గణాంక శాఖవాళ్లు 2019లోనూ, మళ్లీ 2024లోనూ దేశమంతా తిరిగి, మనుషులు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో అడిగి రాసుకున్నారు. 2024 లెక్క చెబుతాను. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. అది కూడా ఏదో ఒకటి చేసేవాళ్ల సంగతి. అసలు చెయ్యే వెయ్యని మగవాళ్లు ఈ లెక్కలోకి రారు. ఆడవాళ్లది దాదాపు అయిదు గంటలు. ఐదేళ్ల కిందట అది 299 నిమిషాలు. ఐదేళ్లలో పది నిమిషాలు తగ్గింది. మగవాళ్లది కూడా 97 నుంచి 88కి తగ్గింది, అది గమనించండి.

మన ఆడవాళ్లకి అసలు ఆట లేదా అంటే ఉంది. అట్లతద్దికి తెల్లవారుజామునే లేచి ఉయ్యాలలూగడం ఉంది. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులు ఉంది. గొబ్బెమ్మల చుట్టూ తిరగడం ఉంది. నేను గమనించింది ఏమిటంటే, వీటిలో ప్రతిదానికీ ఒక నోమో, పూజో, దేవత పేరో తోడు ఉంది. 'ఆడుకోవడానికి వెళ్తున్నాను' అంటే ఇంట్లో ఒప్పుకోరు, 'నోము ఉంది' అంటే ఒప్పుకోక తప్పదు. మన అమ్మమ్మలు దేవుడి పేరు మీద కాసింత తీరిక దాచుకున్నారు. వాళ్ల నేర్పుకి నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ మగవాడు పేకాటకి వెళ్లడానికి ఏ నోమూ పట్టనక్కర్లేదు కదా.

నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో మార్చి 8న బళ్లో తల్లులకి ఆటలు పెట్టాం. కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ, ఇలాంటివి. అందరూ నవ్వుతూ ఆడి బహుమతులు తీసుకుని వెళ్లిపోయారు. ఒకావిడ మాత్రం మూలన పడేసి ఉన్న టెన్నికాయిట్ రింగు తీసుకుని చేత్తో తడుముతూ నిలబడింది. నలభై దాటి ఉంటాయి. 'ఆడతారా అమ్మా' అన్నాను. 'తొమ్మిదో తరగతిలో మండలానికి ఆడాను మాస్టారూ. పెద్దమనిషినయ్యాక మానిపించారు' అంది. ఇద్దరు ఆడపిల్లల్ని పిలిచి నెట్టు కట్టించాను. కొంగు నడుముకి బిగించి మొదటి రింగు విసిరింది. అది నెట్టుకి తగిలి పడిపోయింది. రెండోది దాటింది. ఆరోది అవతలి పిల్లకి అందకుండా మూలకి పోయింది. ఆ తర్వాత ఆవిడని ఆపడం ఎవరి తరమూ కాలేదు. చెప్పులు ఎప్పుడు విడిచిందో తెలియదు. చీకటి పడి రింగు కనపడకపోతే అప్పుడు ఆగింది. వగరుస్తూ వచ్చి రింగు నా చేతికిచ్చి, 'ఇంటికెళ్లి అన్నం వండాలి' అంది. అంత ఒడుపైన చెయ్యి ఇరవై అయిదేళ్లకి పైగా రింగు పట్టుకోలేదు. నా దగ్గర ఆడి తొమ్మిదిలోనో పదిలోనో మానేసిన ఆడపిల్లలు వందల్లో ఉంటారు. వాళ్ల తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి గట్టిగా అడగాల్సింది. కొందరి కోసమే అడిగాను.

పిల్లల గురించి. పిల్లల హక్కుల ఒప్పందం అని 1989లో ప్రపంచ దేశాలు రాసుకున్నాయి, మన దేశమూ 1992లో చేరింది. అందులో 31వ అధికరణం విశ్రాంతికీ ఆటకీ పిల్లలకి హక్కుందని చెబుతుంది. మన 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం, గ్రంథాలయం రెండూ ఉండాలంటుంది. అయినా, నేను చదువు చెప్పిన ఒక పిల్లవాడు ఇంటర్‌కి హాస్టల్ కాలేజీలో చేరి, దసరాకి ఇంటికొచ్చి నన్ను చూడ్డానికి వచ్చాడు. వాలీబాల్లో మంచి స్మాషర్. 'ఆడుతున్నావారా' అంటే 'గ్రౌండు లేదు సార్, పొద్దున అయిదున్నర నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్సే' అన్నాడు. చెయ్యి పట్టుకుని చూశాను. అరచెయ్యి మెత్తగా అయిపోయింది. భుజాలు ముందుకి వంగాయి. పదహారేళ్లవాడికి. నేనేమీ పతకాల కోసం ఏడవడం లేదు. ఓడిపోయి, చెమట తుడుచుకుని, ఓడించినవాడి భుజం మీద చెయ్యేసుకుని నడిచిరావడం ఒకటుంది. మార్కులు తగ్గితే బతుకే పోయిందనుకునే వయసులో అది తెలిసి ఉండడం ప్రాణాధారం. ప్రవేశ పరీక్షల పుస్తకంలో అది లేదు.

అందరూ ఫోనుని తిడుతున్నారు. నేను తిట్టలేను. రాత్రి ఎనిమిదింటికి ఈ ఊళ్లో తెరిచి ఉన్న చోటు ఏది? గ్రంథాలయం మూసేస్తారు. బడి గేటుకి తాళం. పార్కు ఉందనుకున్న స్థలంలో నీళ్ల ట్యాంకు, దాని చుట్టూ కంచె. గుడి ముందు మంటపంలో కూర్చుంటే లేవమంటారు. టీ కొట్టు దగ్గర మగవాళ్లే ఉంటారు. మిగిలింది వైన్ షాపు, ఫోను. ఆడపిల్లకైతే ఫోను ఒక్కటే. ఎప్పుడూ తెరిచి ఉండే ఏకైక తలుపు దగ్గరికి మనిషి వెళ్లక ఎక్కడికి వెళ్తాడు? చేతిలోంచి ఫోను లాగేసుకోవడం తేలిక. దాని బదులు ఏం పెడుతున్నామో చెప్పాలి కదా.

మా అరుగు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వీధిలో అరుగులన్నీ పోయాయి. మా ఇంటి బండని మురిక్కాలవ మీద వేశారు. గీతలున్న వైపు కిందికి పెట్టారు. రోజూ దాని మీద నుంచే ఇంట్లోకి వెళ్తాను. వెడల్పైన రోడ్డు కావాల్సిందే, అంబులెన్సు రావాలి, కాదనను. కానీ అరుగు తీసేసినప్పుడు నలుగురు కూర్చునే చోటు తీసేశామని, దాని బదులు ఇంకోటి కట్టాలని ఎవరికీ తోచలేదు. అరుగుకి లెక్కల్లో పద్దు లేదు. గ్రంథాలయానికి పద్దు ఉంది. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను, 1960 చట్టం కింద కడుతున్నాం. ఈ గది మన సొమ్ముతో నడుస్తోంది. కాబట్టి ఇది ఏ గంటల్లో తెరిచి ఉండాలో అడిగే హక్కు మనకుంది.

నేను అడిగేవి రెండే. ఒకటి, గ్రంథాలయాన్ని వారంలో రెండు రోజులైనా రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచమని మనందరం సంతకాలు చేసి ఇద్దాం. కాగితం అటెండరు గారి బల్ల మీద ఉంది. మగ్గం మీంచి లేచిన మనిషి, కొట్టు కట్టేసిన మనిషి, గిన్నెలు కడిగిన మనిషి ఏడు లోపల రాలేరు.

రెండోది, బడి ఆటస్థలం. హెడ్మాస్టారు గారు ఒప్పుకున్నారు, వారికి మీ అందరి తరఫునా కృతజ్ఞతలు. రేపు శనివారం నుంచి, శని, బుధవారాల్లో సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా గేటు తీసి ఉంటుంది. ఆ రెండు రోజులూ ఆడవాళ్లకే. టెన్నికాయిట్ రింగులు ఆరు తెచ్చాను, నెట్టు ఉంది, లైటు వేయించాం. మంచినీళ్ల డ్రమ్ము పెట్టించాం. ఆడలేనివాళ్లు బెంచీ మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు, అది కూడా ఆట కిందే లెక్క. చంటిపిల్లల్ని ఎత్తుకుని రాకండమ్మా, ఇంట్లో వాళ్ల నాన్నలకి ఇచ్చి రండి. అయ్యలారా, మీరు ఇక్కడే ఉన్నారు, విన్నారు. శని, బుధవారాల్లో రాత్రి అన్నం మీరు వండాలి. వంట రానివాళ్లు నన్నడగండి, గంజి ఎప్పుడు వార్చాలో నేను చెబుతాను.

సెలవు. నమస్కారం.